తిరుపతి లాడ్జి నెట్‌వర్కును కమాండ్లతో కట్టడం: రౌటర్, స్విచ్ సర్వీసులకు సమగ్ర మార్గదర్శి

బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ రోజు. గోవిందరాజస్వామి గుడికి, రైల్వే స్టేషన్‌కు మధ్య ఉన్న ఒక లాడ్జి నుంచి మేనేజరు ఫోన్ చేశాడు. "అన్నా, సాములందరూ కౌంటర్ దగ్గరికే వస్తా ఉండారు. వైఫై సిగ్నలు నిండుగా ఉంది, నెట్టు మాత్రం రావడంలా" అన్నాడు.

పోయి చూస్తే ఏ ఫోన్ చూసినా ఒకటే తంతు. వైఫై కనెక్ట్ అవుతుంది, ఐపీ అడ్రస్ (నెట్‌వర్కులో ఆ ఫోన్‌కు ఇచ్చే అంకెల చిరునామా) తీసుకుంటున్నట్టు చూపిస్తుంది, కాసేపు తిరిగి ఆగిపోతుంది. మెట్ల కింద, నీళ్ల మోటారు స్టార్టర్ పక్కన గోడకు కొట్టిన ఇనుప పెట్టెలో బయటి లైనును పంచే రౌటర్, లోపలి కేబుళ్లను కలిపే స్విచ్ రెండూ బాగానే ఉన్నాయి. ఆఫీసు కంప్యూటర్లో నెట్టు పరిగెడుతోంది. లోపమంతా లెక్కలో ఉంది. 56 గదులు, గదికి నలుగురు అనుకుంటే 224 ఫోన్లు. రౌటర్ పంచగల అడ్రసులు 234. చాలినట్టే కనిపిస్తుంది. కానీ తిరుపతిలో గది అంటే 24 గంటల లెక్క. ఒక కుటుంబం కొండ మీద దర్శనం చేసుకుని వచ్చి ఖాళీ చేస్తుంది, గంటలోపే ఇంకో కుటుంబం దిగుతుంది. పొద్దున వెళ్లిపోయిన వాళ్ల ఫోన్లకిచ్చిన అడ్రసులు మరుసటి రోజు పొద్దుటి దాకా వాళ్ల పేరు మీదే ఉండిపోతాయి. ఎందుకంటే సిస్కో రౌటర్లో మనం వేరే చెప్పకపోతే అడ్రసు లీజు కాలం ఒక రోజు. గదులు ఖాళీ అయ్యాయి, తాళాలు మాత్రం పాతవాళ్లతోనే వెళ్లిపోయాయి.

ఆ రాత్రికి రెండు కమాండ్లతో పని గడిచింది. పండగ అయ్యాక ఆ నెట్‌వర్కును మొదటి నుంచి మళ్లీ కట్టాను. అప్పుడు పాటించిన వరుసనే ఇక్కడ రాస్తున్నాను. వరుస మీద ఎందుకింత పట్టు అంటే, కమాండ్లు ఎక్కడైనా దొరుకుతాయి. ఏది ముందు, ఏది వెనక, ఆ చోటికి ఏ అంకె సరిపోతుంది అన్నవే దొరకవు. సగం ఫిర్యాదులు అక్కడే పుడతాయి.

ఇవన్నీ సిస్కో ఐఓఎస్ (సిస్కో రౌటర్లను, స్విచ్‌లను నడిపే సాఫ్ట్‌వేరు) కమాండ్లు. ఇక్కడ పలికినట్టు తెలుగులో రాశాను, కీబోర్డు మీద ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. హైఫన్ చూపించిన చోట హైఫన్ ఉండాలి, లేనిచోట ఖాళీ ఉండాలి. వేరే కంపెనీ పెట్టెల్లో కమాండ్ల మాటలు మారతాయి, వరుస మారదు.

ముందు కాగితం మీద

పెట్టె తెరవకముందే ఒక తెల్లకాగితం తీసుకోండి. లాడ్జిలో ఎవరెవరు నెట్‌వర్కు వాడతారో రాయండి. నేను రాసుకున్నది ఇది. వీల్యాన్ అంటే ఒకే స్విచ్‌లో గోడ కట్టినట్టు విడదీసిన వేరు నెట్‌వర్కు. మాస్కు అంటే ఆ నెట్‌వర్కు ఎంత పెద్దదో చెప్పే అంకె.

వీల్యాన్ 10: ఆఫీసు కంప్యూటర్లు, బిల్లు ప్రింటరు. 192.168.10.0, మాస్కు 255.255.255.0.
వీల్యాన్ 20: అతిథుల వైఫై. 192.168.20.0, మాస్కు 255.255.252.0.
వీల్యాన్ 30: సీసీ కెమెరాలు, రికార్డరు. 192.168.30.0, మాస్కు 255.255.255.0.
వీల్యాన్ 99: స్విచ్‌ల నిర్వహణకు మాత్రమే. 192.168.99.0, మాస్కు 255.255.255.0.

అతిథుల మాస్కు వేరుగా ఉండటం గమనించారా? 252 అంటే 20 నుంచి 23 దాకా నాలుగు బ్లాకులు కలిసిపోయి, వాడుకోవడానికి 1022 అడ్రసులు వస్తాయి. ఇలా నాలుగు కలపాలంటే మొదలయ్యే అంకె నాలుగుతో భాగింపబడాలి. 20తో మొదలుపెట్టొచ్చు, 21తో కుదరదు.

రౌటర్లో గిగాబిట్ 0/0 పోర్టు బయటి ఫైబర్ పెట్టెకు, 0/1 పోర్టు స్విచ్‌కు. స్విచ్‌లో 24వ పోర్టు రౌటర్ వైపు, 23వది మూడో అంతస్తు స్విచ్ వైపు. ఏ పోర్టులో ఏ కేబులు ఉందో కూడా అదే కాగితం మీద రాసి, కేబులు రెండు కొసలకూ చీటీలు అంటించండి. దుమ్ము పట్టిన పెట్టెలో రాత్రిపూట టార్చి పట్టుకుని వెతికేటప్పుడు ఆ చీటీ విలువ తెలుస్తుంది.

కన్సోలు కేబులు

కొత్త పెట్టెకు ఐపీ అడ్రస్ ఉండదు కాబట్టి కన్సోలు పోర్టు నుంచే మొదలు. లేత నీలం రంగు చదును కేబులు, ఇప్పటి ల్యాప్‌టాపుల్లో సీరియల్ పోర్టు లేదు కనుక ఒక యూఎస్‌బీ కన్వర్టరు, పుట్టీ అనే ప్రోగ్రాము ఉంటే చాలు. పుట్టీలో సీరియల్ ఎంచుకుని వేగం 9600 పెట్టాలి. డేటా బిట్లు 8, ప్యారిటీ లేదు, స్టాప్ బిట్ 1, ఫ్లో కంట్రోల్ లేదు. తెర మీద పిచ్చి గుర్తులు వస్తే వేగం తప్పినట్టు. ఏమీ రాకపోతే ఒకసారి ఎంటర్ నొక్కండి. అప్పటికీ రాకపోతే పుట్టీలో ఇచ్చిన పోర్టు నంబరు, విండోస్ డివైస్ మేనేజర్లో కనిపించే నంబరు ఒకటేనా చూడండి.

ప్రాంప్టు చివర > గుర్తు ఉంటే మీరు చూడటానికే గానీ మార్చడానికి కాదు. ఎనేబుల్ కొడితే # వస్తుంది. కాన్ఫిగర్ టెర్మినల్ కొడితే మార్పులు చేసే మోడ్‌లోకి వెళతారు. ఎక్కడ ఆగినా ప్రశ్నార్థకం గుర్తు నొక్కితే తరువాత ఏ మాటలు వస్తాయో అదే చూపిస్తుంది. ట్యాబ్ నొక్కితే సగం మాటను పూర్తి చేస్తుంది. కమాండ్లను బట్టీ పట్టాల్సిన పనిలేదు, ఈ రెండు అలవాట్లు చేసుకోండి.

తలుపులు, తాళాలు

రౌటర్లో, ప్రతి స్విచ్‌లో ఇవే లైన్లు, హోస్ట్‌నేమ్ (పెట్టె పేరు) మాత్రం వేరు. ఎస్ఎస్‌హెచ్ అంటే దూరం నుంచి రహస్య దారిలో పెట్టెలోకి వెళ్లే పద్ధతి, వీటీవై లైన్లు అలా వచ్చేవాళ్లకు తలుపులు, యాక్సెస్-లిస్ట్ ఎవరిని రానివ్వాలో చెప్పే జాబితా.

```
హోస్ట్‌నేమ్ లాడ్జ్-ఆర్1
ఎనేబుల్ సీక్రెట్ మీ-పాస్‌వర్డ్
యూజర్‌నేమ్ అడ్మిన్ ప్రివిలేజ్ 15 సీక్రెట్ ఇంకో-పాస్‌వర్డ్
ఐపీ డొమైన్-నేమ్ లాడ్జ్.లోకల్
క్రిప్టో కీ జనరేట్ ఆర్ఎస్ఏ మాడ్యులస్ 2048
ఐపీ ఎస్ఎస్‌హెచ్ వెర్షన్ 2
యాక్సెస్-లిస్ట్ 10 పర్మిట్ 192.168.99.0 0.0.0.255
యాక్సెస్-లిస్ట్ 10 పర్మిట్ 192.168.10.0 0.0.0.255
లైన్ వీటీవై 0 4
లాగిన్ లోకల్
ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌పుట్ ఎస్ఎస్‌హెచ్
యాక్సెస్-క్లాస్ 10 ఇన్
ఎగ్జెక్-టైమవుట్ 10 0
ట్రాన్స్‌పోర్ట్ ప్రిఫర్డ్ నన్
లాగింగ్ సింక్రొనస్
```

స్విచ్‌లో వీటీవై లైన్లు 0 నుంచి 15 దాకా ఉంటాయి కాబట్టి అక్కడ 0 15 అని కొట్టాలి. లేకపోతే మిగిలిన లైన్లు వేరే నియమంతో ఉండిపోతాయి. పేరు, డొమైన్ రెండూ పెట్టాకే క్రిప్టో కీ తయారవుతుంది. ముందే కొడితే ఒప్పుకోదు. ఇదే పనికి వాడే పాత పద్ధతి టెల్‌నెట్ జోలికి వెళ్లొద్దు. అందులో పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టు కేబులు మీద పోతుంది. పాస్‌వర్డ్ అన్న మాట బదులు ఎప్పుడూ సీక్రెట్ అన్న మాటనే వాడండి. సర్వీస్ పాస్‌వర్డ్-ఎన్‌క్రిప్షన్ కమాండు దాచే పాస్‌వర్డ్‌ను ఎవరైనా క్షణాల్లో విప్పగలరు.

ట్రాన్స్‌పోర్ట్ ప్రిఫర్డ్ నన్ గురించి ఒక మాట. కమాండు స్పెల్లింగు తప్పు కొడితే సిస్కో పెట్టె దాన్ని ఏదో కంప్యూటరు పేరు అనుకుని వెతకడం మొదలుపెడుతుంది, మనం చూస్తూ కూర్చోవాలి. దీనికి చాలామంది నో ఐపీ డొమైన్-లుకప్ కొడతారు. అప్పుడు వెతుకులాట ఆగుతుంది గానీ, ఎన్‌టీపీ (సరైన సమయం చెప్పే) సర్వర్‌ను పేరుతో ఇచ్చినప్పుడు ఆ పేరు కూడా దొరకదు. గడియారం ఎందుకు కలవడం లేదా అని తల పట్టుకుంటారు. లైన్ కింద ట్రాన్స్‌పోర్ట్ ప్రిఫర్డ్ నన్ పెడితే తప్పు కమాండు వెంటనే తప్పని చెబుతుంది, పేర్ల వెతుకులాట మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. లైన్ కన్సోల్ 0 కింద కూడా ఇదే పెట్టండి.

వీల్యాన్లు, ట్రంకు, 'ఆడ్' అనే మాట

స్విచ్‌లో వీల్యాన్లను సృష్టించడం తేలిక. వీల్యాన్ 20, దాని కింద నేమ్ గెస్ట్. మిగిలినవీ అంతే. వైఫై యాక్సెస్ పాయింట్లు తగిలించే పోర్టులకు ఇవి:

```
ఇంటర్‌ఫేస్ రేంజ్ గిగాబిట్‌ఈథర్నెట్ 0/1 - 12
స్విచ్‌పోర్ట్ మోడ్ యాక్సెస్
స్విచ్‌పోర్ట్ యాక్సెస్ వీల్యాన్ 20
స్విచ్‌పోర్ట్ ప్రొటెక్టెడ్
స్పానింగ్-ట్రీ పోర్ట్‌ఫాస్ట్
స్పానింగ్-ట్రీ బీపీడీయూగార్డ్ ఎనేబుల్
```

పోర్ట్‌ఫాస్ట్ లేకపోతే కేబులు పెట్టిన తరువాత పోర్టు 30 సెకన్లు గమ్మున ఉంటుంది. 15 సెకన్లు వింటుంది, 15 సెకన్లు నేర్చుకుంటుంది, ఆ తరువాతే దారి ఇస్తుంది. ఈ లోపు అడ్రసు అడిగి అడిగి విసిగిపోయే కంప్యూటర్లు ఉంటాయి. ప్రొటెక్టెడ్ అంటే ఆ స్విచ్‌లోని అలాంటి పోర్టులు ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేవు. ఒక అంతస్తు అతిథి ఫోన్ నుంచి ఇంకో అంతస్తు అతిథి ఫోన్‌లోకి తొంగిచూసే అవకాశం తగ్గుతుంది.

రౌటర్ వైపు పోర్టు ట్రంకు, అంటే అన్ని వీల్యాన్లనూ ఒకే కేబులు మీద మోసే దారి. పాత స్విచ్‌లయితే ముందు స్విచ్‌పోర్ట్ ట్రంక్ ఎన్‌క్యాప్సులేషన్ డాట్1క్యూ అడుగుతాయి.

```
ఇంటర్‌ఫేస్ గిగాబిట్‌ఈథర్నెట్ 0/24
స్విచ్‌పోర్ట్ మోడ్ ట్రంక్
స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీల్యాన్ 10,20,30,99
```

ఇక్కడ కాసేపు ఆగాలి. కెమెరాలను మొదట్లో ఈ లాడ్జిలో వేరే కేబుల్ మీద నడిపేవాళ్లు. తరువాత వాటినీ ఇదే నెట్‌వర్కులోకి తేవాలన్నారు. ఒక రాత్రి పదకొండున్నరకు కొర్లగుంటలో మా ఇంటి నుంచే ఆఫీసు కంప్యూటరు మీదుగా స్విచ్‌లోకి వెళ్లి, ట్రంకులో 30ని చేర్చబోయాను. కొట్టింది ఇది:

```
స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీల్యాన్ 30
```

ఎంటర్ నొక్కగానే తెర స్తంభించింది. ఈ కమాండుకు అర్థం '30ని కూడా అనుమతించు' అని కాదు, '30ని మాత్రమే అనుమతించు' అని. 10, 20, 99 మూడూ ఆ క్షణంలో తెగిపోయాయి. ఆఫీసు, అతిథులు, నేను కూర్చున్న దారి, అన్నీ. కొట్టాల్సింది ఇలా:

```
స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీల్యాన్ ఆడ్ 30
```

బండి మీద లాడ్జికి వెళ్లి, కన్సోలు కేబులు పెట్టి సరిచేసేసరికి ఒంటిగంట దాటింది. అప్పటికి కౌంటర్ దగ్గర ఒక పెద్దాయన, పొద్దున్నే బయలుదేరాలి, మనవడికి దర్శనం టికెట్ పంపాలంటూ ఫోన్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన ముఖం ఇప్పటికీ గుర్తుంది. ఆ రోజు నుంచి దూరం నుంచి చేసే ఏ మార్పుకైనా ముందు ఒక కమాండు తప్పకుండా కొడతాను:

```
రీలోడ్ ఇన్ 10
```

పది నిమిషాల్లో పెట్టె దానంతటదే ఆగి మొదలవుతుంది, అంటే సేవ్ చేసిన పాత కాన్ఫిగరేషన్‌కు వెళ్లిపోతుంది. మార్పు బాగుంటే రీలోడ్ క్యాన్సిల్ కొట్టి, తరువాత సేవ్ చేస్తాను. దారి తెగిపోతే పది నిమిషాలు ఓపిక పడతాను. ఒక జాగ్రత్త. ఈ కమాండు కొట్టినప్పుడు, సేవ్ చేయని మార్పులేమైనా ఉంటే సేవ్ చేయమంటారా అని అడుగుతుంది. అందుకే మార్పు మొదలుపెట్టకముందే సేవ్ చేసి, ఆ తరువాత రీలోడ్ పెట్టండి. మధ్యలో గుర్తొచ్చి పెట్టినట్లయితే ఆ ప్రశ్నకు నో అనే చెప్పాలి. యెస్ అంటే తప్పునే భద్రంగా దాచిపెట్టినట్టు.

స్విచ్‌కు తన అడ్రసు: ఇంటర్‌ఫేస్ వీల్యాన్ 99 కింద ఐపీ అడ్రస్ 192.168.99.2 255.255.255.0, నో షట్‌డౌన్. బయట ఐపీ డిఫాల్ట్-గేట్‌వే 192.168.99.1. షో ఇంటర్‌ఫేసెస్ ట్రంక్ కొడితే ఏ వీల్యాన్లు దాటుతున్నాయో కనబడుతుంది.

ఇక రౌటర్లో 0/1 పోర్టుకు నో షట్‌డౌన్ కొట్టి, ప్రతి వీల్యాన్‌కూ ఒక ఉప ఇంటర్‌ఫేసు:

```
ఇంటర్‌ఫేస్ గిగాబిట్‌ఈథర్నెట్ 0/1.20
ఎన్‌క్యాప్సులేషన్ డాట్1క్యూ 20
ఐపీ అడ్రస్ 192.168.20.1 255.255.252.0
ఐపీ న్యాట్ ఇన్‌సైడ్
```

10, 30, 99కూ ఇదే తీరు, అంకెలు మార్చుకోండి. న్యాట్ అంటే లోపలి అడ్రసులన్నిటినీ బయటికి ఒకే అడ్రసుగా చూపించడం.

బయటి లైను

ఫైబర్ పెట్టె తానే అడ్రసు ఇస్తుంటే (ఇలా అడ్రసులు పంచే పద్ధతినే డీహెచ్‌సీపీ అంటారు) ఇది చిన్న పని.

```
ఇంటర్‌ఫేస్ గిగాబిట్‌ఈథర్నెట్ 0/0
ఐపీ అడ్రస్ డీహెచ్‌సీపీ
ఐపీ న్యాట్ అవుట్‌సైడ్
నో షట్‌డౌన్
యాక్సెస్-లిస్ట్ 1 పర్మిట్ 192.168.10.0 0.0.0.255
యాక్సెస్-లిస్ట్ 1 పర్మిట్ 192.168.20.0 0.0.3.255
ఐపీ న్యాట్ ఇన్‌సైడ్ సోర్స్ లిస్ట్ 1 ఇంటర్‌ఫేస్ గిగాబిట్‌ఈథర్నెట్ 0/0 ఓవర్‌లోడ్
```

యాక్సెస్ లిస్టులో మాస్కు తిరగేసి రాస్తారు. 255.255.252.0 కాస్తా 0.0.3.255 అవుతుంది. ఇక్కడ 0.0.0.255 అని అలవాటుగా కొడితే 20 బ్లాకులో వాళ్లకు నెట్టు వస్తుంది, 21, 22, 23 బ్లాకుల్లో పడ్డవాళ్లకు రాదు. సగం మందికి వచ్చి సగం మందికి రాని ఫిర్యాదు అన్నిటికన్నా విసిగించేది. కెమెరాల వీల్యాన్‌ను జాబితాలో కావాలనే పెట్టలేదు. కెమెరాకు ఇంటర్నెట్‌తో పనిలేదు. యజమాని ఫోన్లో చూసుకోవాలంటే రికార్డరు ఒక్క అడ్రసుకే అనుమతి ఇవ్వండి.

మీ లైను పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో నడిచేదైతే డయలర్ ఇంటర్‌ఫేసు కట్టాలి. న్యాట్ అవుట్‌సైడ్ దాని మీదికే పోతుంది, ఎంటీయూ (ఒక్క ప్యాకెట్టులో పట్టే గరిష్ఠ బైట్లు) 1492 అవుతుంది. లోపలి ఇంటర్‌ఫేసుల మీద ఐపీ టీసీపీ అడ్జస్ట్-ఎంఎస్ఎస్ 1452 పెట్టకపోతే కొన్ని సైట్లు తెరుచుకుని, కొన్ని సగంలో ఆగిపోతాయి.

గడియారం

దీన్ని చాలామంది చివరకు వదిలేస్తారు, లేదా అసలే వదిలేస్తారు. బయటి లైను రాగానే నేను చేసే మొదటి పని ఇదే.

ఒకసారి ఇంకో లాడ్జిలో గదిలో సామాను పోయింది. కెమెరా రికార్డింగులో మనిషి నడిచింది రాత్రి 11:40కి. అదే సమయానికి ఆ అంతస్తు పోర్టుల లాగు (జరిగినవాటిని పెట్టె రాసుకునే చిట్టా) కావాలన్నారు. లాగులో ఆ సమయానికి ఏమీ లేదు. కూర్చుని కూర్చుని చూస్తే ఆ జాడ సాయంత్రం 6:10 దగ్గర ఉంది. టైమ్‌జోన్ పెట్టకపోవడంతో పెట్టె గ్రీనిచ్ లెక్కలో రాసుకుంటూ పోయింది, ఐదున్నర గంటల తేడా. అది అంతుపట్టేసరికి సగం రోజు పోయింది. దానికన్నా ఘోరం, బ్యాటరీ లేని స్విచ్‌లు కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ 1993 మార్చి 1 నుంచి లెక్క మొదలుపెడతాయి. ఆ లాగు దేనికీ పనికిరాదు.

```
క్లాక్ టైమ్‌జోన్ ఐఎస్‌టీ 5 30
సర్వీస్ టైమ్‌స్టాంప్స్ లాగ్ డేట్‌టైమ్ ఎంసెక్ లోకల్‌టైమ్ షో-టైమ్‌జోన్
ఐపీ నేమ్-సర్వర్ 8.8.8.8
ఎన్‌టీపీ సర్వర్ సమయ్1.ఎన్ఐసీ.ఇన్
ఎన్‌టీపీ సర్వర్ సమయ్2.ఎన్ఐసీ.ఇన్
```

సమయ్ పేరుతో ఉన్నవి మన ఎన్ఐసీ (కేంద్ర ప్రభుత్వ నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) నడిపే సర్వర్లు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో సర్వీసు ప్రొవైడర్లు, కంపెనీలు, ప్రభుత్వ సంస్థలు తమ గడియారాలను ఎన్ఐసీ లేదా నేషనల్ ఫిజికల్ ల్యాబొరేటరీ సమయానికి కలపాలని, లాగులను 180 రోజులు దేశంలోనే భద్రపరచాలని ఉంది. చిన్న లాడ్జి అయినా అదే అలవాటు చేయిస్తాను.

స్విచ్‌లు బయటికి పోనక్కర్లేదు. రౌటర్ సమయం కలిశాక అదే లోపలివాళ్లకు సమయం చెబుతుంది. స్విచ్‌లో ఎన్‌టీపీ సర్వర్ 192.168.99.1 చాలు, టైమ్‌జోన్ లైను మాత్రం అక్కడా పెట్టాలి. రికార్డరుకు కూడా 192.168.30.1 ఇవ్వండి. కొన్ని నిమిషాలు ఆగి షో ఎన్‌టీపీ స్టేటస్ కొడితే క్లాక్ ఈజ్ సింక్రనైజ్డ్ అని రావాలి. షో క్లాక్‌లో సమయానికి ముందు నక్షత్రం గుర్తుంటే పెట్టె తన గడియారాన్ని తానే నమ్మడం లేదని అర్థం.

అడ్రసుల పంపకం

ఫోన్ నెట్‌వర్కులోకి రాగానే అడ్రసు ఉందా అని అందరినీ కేకేస్తుంది. రౌటర్ ఇదిగో అంటుంది. ఫోన్ అది నాకివ్వు అంటుంది. రౌటర్ ఖాయం చేస్తుంది. ఈ నాలుగు మాటలూ యూడీపీ 67, 68 పోర్టుల మీద జరుగుతాయి.

```
ఐపీ డీహెచ్‌సీపీ ఎక్స్‌క్లూడెడ్-అడ్రస్ 192.168.20.1 192.168.20.20
ఐపీ డీహెచ్‌సీపీ పూల్ గెస్ట్
నెట్‌వర్క్ 192.168.20.0 255.255.252.0
డిఫాల్ట్-రౌటర్ 192.168.20.1
డీఎన్ఎస్-సర్వర్ 8.8.8.8 1.1.1.1
లీజ్ 0 2
```

పూల్ అంటే పంచడానికి పెట్టిన అడ్రసుల గుంపు. లీజ్ 0 2 అంటే సున్నా రోజులు, రెండు గంటలు. లీజు సగం గడిచాక, అంటే గంటకు, ఫోన్ తానే వచ్చి పొడిగించుకుంటుంది. గదిలో ఉన్నవాళ్లకు ఏ ఇబ్బందీ తెలియదు. వెళ్లిపోయినవాళ్ల అడ్రసు మాత్రం రెండు గంటల్లోపు ఖాళీ అవుతుంది. ఈ అంకె చోటును బట్టి మారాలి. ఆఫీసు పూలుకు ఎనిమిది రోజులిచ్చినా తప్పులేదు, అవే నాలుగు కంప్యూటర్లు. ఆర్టీసీ బస్టాండు దగ్గర టిఫిన్ హోటలైతే అరగంట చాలు, లీజ్ 0 0 30.

ఎక్స్‌క్లూడెడ్ లైనులో మొదటి 20 అడ్రసులు రౌటర్‌కు, యాక్సెస్ పాయింట్లకు పక్కన పెట్టాను. అది పూలు లోపల కాదు, బయట కొట్టాల్సిన కమాండు. పూలు కన్నా ముందే కొట్టండి, లేకపోతే ఎవరి ఫోనో ఆ అడ్రసు పట్టుకుపోతుంది.

గరుడసేవ రాత్రి నేను చేసిన రెండు పనులు ఇవే: లీజును రెండు గంటలకు తగ్గించడం, ఆ తరువాత క్లియర్ ఐపీ డీహెచ్‌సీపీ బైండింగ్ *. లీజు మార్చితే కొత్తగా వచ్చేవాళ్లకే వర్తిస్తుంది, పాత లీజులు ఒక రోజు పూర్తయ్యేదాకా కదలవు, అందుకే రెండోది. అడ్రసు ఇచ్చేముందు రౌటర్ దానికి రెండు పింగులు పంపి ఎవరైనా వాడుతున్నారేమో చూసుకుంటుంది. జవాబు వస్తే ఆ అడ్రసును కాన్‌ఫ్లిక్ట్ పట్టికలో వేసి ఇక ఎవరికీ ఇవ్వదు. కాబట్టి మరుసటి రోజు క్లియర్ ఐపీ డీహెచ్‌సీపీ కాన్‌ఫ్లిక్ట్ * కూడా కొట్టాలి, లేదంటే ఆ అడ్రసులు పూలు నుంచి పోయినట్టే.

రోజూ చూడాల్సినవి రెండు. షో ఐపీ డీహెచ్‌సీపీ పూల్‌లో మొత్తం ఎన్ని, ఇచ్చినవి ఎన్ని. షో ఐపీ డీహెచ్‌సీపీ కాన్‌ఫ్లిక్ట్‌లో ఎన్ని ఇరుక్కున్నాయి. రద్దీ రోజుల్లో ఇచ్చినవి ఎన్ని అన్న అంకె రాసిపెట్టుకోండి, వైకుంఠ ఏకాదశికి ఎంత కావాలో అదే చెబుతుంది.

గదిలో దిగిన ఇంకో రౌటర్

ఒక అతిథి గదిలో సిగ్నలు చాలడం లేదని తన ఇంటి వైఫై పెట్టె తెచ్చి, గోడ సాకెట్‌లో కేబులు తగిలించాడనుకోండి. లాన్ పోర్టులో తగిలిస్తే అది కూడా అడ్రసులు పంచడం మొదలుపెడుతుంది. దాని మాట ముందు విన్న ఫోన్లన్నీ తప్పుదారి పడతాయి. ఎవరిదీ దురుద్దేశం కాదు, కానీ అంతస్తంతా ఆగిపోతుంది. దీనికి స్విచ్‌లో కాపలా పెట్టాలి.

```
ఐపీ డీహెచ్‌సీపీ స్నూపింగ్ వీల్యాన్ 20
నో ఐపీ డీహెచ్‌సీపీ స్నూపింగ్ ఇన్ఫర్మేషన్ ఆప్షన్
ఇంటర్‌ఫేస్ గిగాబిట్‌ఈథర్నెట్ 0/24
ఐపీ డీహెచ్‌సీపీ స్నూపింగ్ ట్రస్ట్
ఎగ్జిట్
ఐపీ డీహెచ్‌సీపీ స్నూపింగ్
```

ట్రస్ట్ అని చెప్పిన పోర్టు నుంచి తప్ప ఇంకెక్కడి నుంచి అడ్రసు ఇస్తామన్నా స్విచ్ ఆ మాటను పడేస్తుంది. చివరి లైనును కావాలనే చివర పెట్టాను, అదే మొత్తాన్ని ఆన్ చేస్తుంది. ట్రస్ట్ పెట్టకముందే ఆన్ చేస్తే అసలు రౌటర్ మాట కూడా ఆగిపోతుంది. మూడో అంతస్తు స్విచ్‌లోనూ రౌటర్ వైపున్న పోర్టుకు ఇదే చేయాలి. ఇన్ఫర్మేషన్ ఆప్షన్ లైను చిన్నదే గానీ దాన్ని మర్చిపోయి రోజంతా పోగొట్టుకున్నవాళ్లున్నారు. స్విచ్ ప్రతి అభ్యర్థనకూ ఆప్షన్ 82 అనే చీటీ అతికిస్తుంది. సిస్కో రౌటర్ ఆ చీటీ ఉన్న అభ్యర్థనను అనుమానించి పక్కన పడేస్తుంది. అన్నీ సరిగ్గానే ఉన్నట్టుంటాయి, ఒక్క ఫోన్‌కూ అడ్రసు రాదు.

పుస్తకాల్లో పోర్టుకు సెకనుకు ఇన్ని అభ్యర్థనలే అని పరిమితి పెట్టమంటారు. గోడ సాకెట్లకు 15 పెట్టొచ్చు. యాక్సెస్ పాయింట్ పోర్టుకు అంత తక్కువ పెట్టొద్దు. కరెంటు పోయి వచ్చినప్పుడు ఆ పాయింట్ కింద ఉన్న ఫోన్లన్నీ ఒకేసారి అడ్రసు అడుగుతాయి. పరిమితి దాటిందని స్విచ్ పోర్టునే మూసేస్తుంది. నేను అక్కడ ఐపీ డీహెచ్‌సీపీ స్నూపింగ్ లిమిట్ రేట్ 100 పెడతాను. మూసుకున్నా తానే తెరుచుకునేలా ఎర్‌డిజేబుల్ రికవరీ కాజ్ డీహెచ్‌సీపీ-రేట్-లిమిట్ కూడా ఇస్తాను. అప్పుడు 300 సెకన్లకు తిరిగి తెరుచుకుంటుంది.

అతిథులకు గీత

```
ఐపీ యాక్సెస్-లిస్ట్ ఎక్స్‌టెండెడ్ గెస్ట్-ఇన్
డినై ఐపీ ఎనీ 192.168.10.0 0.0.0.255
డినై ఐపీ ఎనీ 192.168.30.0 0.0.0.255
డినై ఐపీ ఎనీ 192.168.99.0 0.0.0.255
డినై ఐపీ ఎనీ 192.168.1.0 0.0.0.255
పర్మిట్ ఐపీ ఎనీ ఎనీ
ఇంటర్‌ఫేస్ గిగాబిట్‌ఈథర్నెట్ 0/1.20
ఐపీ యాక్సెస్-గ్రూప్ గెస్ట్-ఇన్ ఇన్
```

192.168.1 లైను ఫైబర్ పెట్టె లాగిన్ పేజీ అతిథులకు కనబడకుండా. మీ పెట్టె అడ్రసు వేరైతే మార్చుకోండి. చివరి పర్మిట్ మర్చిపోతే అంతా ఆగుతుంది, ఎందుకంటే ప్రతి జాబితా చివరా కనబడని డినై ఒకటి ఉంటుంది. అతిథి గుర్తింపు కార్డుల స్కాన్లు ఆఫీసు కంప్యూటర్లోనే ఉంటాయి. వాళ్ల ఆధార్ కాపీని ఇంకో గదిలోని ఎవరో తెరవగలిగితే మనం చేసిన పనికి అర్థం లేదు. ఈ ఐదు లైన్లను నేను ఎప్పుడూ రెండుసార్లు చదువుతాను.

లాగులు, మూసేయాల్సినవి

లాగింగ్ బఫర్డ్ 64000, లాగింగ్ హోస్ట్ 192.168.10.5, లాగింగ్ ట్రాప్ ఇన్ఫర్మేషనల్. ఆ 10.5 అన్నది ఆఫీసులో పక్కన పెట్టిన పాత కంప్యూటరు, దాని పని సిస్‌లాగ్ దాచడం ఒక్కటే. ఎస్ఎస్‌హెచ్‌లో ఉండి లాగులు తెర మీద కనబడాలంటే టెర్మినల్ మానిటర్ కొట్టండి.

వాడని సర్వీసులు తెరిచి ఉంచడం, వెనక తలుపు గడియ పెట్టకుండా పడుకోవడం లాంటిది. నో ఐపీ హెచ్‌టీటీపీ సర్వర్, నో ఐపీ హెచ్‌టీటీపీ సెక్యూర్-సర్వర్ రెండూ కొట్టండి. సిస్కో ఐఓఎస్ ఎక్స్ఈ సాఫ్ట్‌వేరు వెబ్ పేజీలో 2023 అక్టోబరులో బయటపడిన లోపానికి తీవ్రత పదికి పది ఇచ్చారు. పాస్‌వర్డ్ లేకుండానే పూర్తి అధికారాలున్న ఖాతా సృష్టించుకోవచ్చని తేలింది. స్విచ్‌లో స్మార్ట్ ఇన్‌స్టాల్ ఉంటే నో వీస్టాక్ కొట్టండి. టీసీపీ 4786 పోర్టు మీద ఉండే ఆ సర్వీసు 2018లో పెద్ద గొడవ తెచ్చింది. బయటి ఇంటర్‌ఫేసు మీద నో సీడీపీ ఎనేబుల్.

కరెంటు తీసి చూడటం

కాపీ రన్నింగ్-కాన్ఫిగ్ స్టార్టప్-కాన్ఫిగ్. రౌటర్లో ఒకసారి, ప్రతి స్విచ్‌లో ఒకసారి. తరువాత కాపీ రన్నింగ్-కాన్ఫిగ్ టీఎఫ్‌టీపీ: కొట్టి ఆఫీసు కంప్యూటర్లో నడిచే టీఎఫ్‌టీపీ (ఫైళ్లు అందుకునే) ప్రోగ్రాముకు ఒక నకలు. దాన్ని తేదీతో పేరు పెట్టి, పెన్‌డ్రైవ్‌లోకి మార్చి, టీఎఫ్‌టీపీ ప్రోగ్రాము ఆపేయండి. అందులో పాస్‌వర్డ్ జాడలుంటాయి కాబట్టి వాట్సాప్‌లో ఎవరికీ పంపొద్దు.

ఇంటికి బయలుదేరేముందు మేనేజరుకు చెప్పి, మెట్ల కింద పెట్టెకు మెయిన్ స్విచ్ తీసేయండి. ఒక నిమిషం ఆగి వేయండి. మూడో అంతస్తు చివరి గదిలో మీ ఫోన్ పట్టుకుని నిలబడి, నెట్టు రావడానికి ఎంతసేపు పట్టిందో గడియారంలో చూసుకోండి. తరువాత కిందికొచ్చి షో వీల్యాన్ బ్రీఫ్, షో ఇంటర్‌ఫేసెస్ ట్రంక్, షో ఐపీ డీహెచ్‌సీపీ బైండింగ్, షో క్లాక్ వరుసగా కొట్టండి. సేవ్ చేయడం మర్చిపోయిన పెట్టె ఏదైనా ఉంటే ఇప్పుడే దొరుకుతుంది. షో క్లాక్‌లో నక్షత్రం పోయేదాకా ఆగి, ఆ సమయాన్ని కౌంటర్ వెనక గోడ గడియారంతో సరిచూసి, కాగితం మీద మీ పోర్టుల పటాన్ని పెట్టె తలుపు లోపలి వైపు అంటించి తాళం వేయండి.